మొదటి యూరప్ ప్రయాణానికి రెండు ఊళ్లు చాలు

వేసవి సెలవులు దగ్గర పడుతుంటే వాట్సాప్ గ్రూపుల్లో టూర్ ప్యాకేజీలు తిరగడం మొదలవుతుంది. పది రోజుల్లో ఆరు దేశాలు, పన్నెండు రోజుల్లో ఎనిమిది. దేశాలు ఎన్ని ఎక్కువైతే అంత గిట్టుబాటు అన్న లెక్క. అలా వెళ్లొచ్చిన వాళ్లను ఆర్నెల్ల తర్వాత కదిపి చూడండి. బస్సు కిటికీ, హోటల్ లాబీ, తెల్లవారకముందే సూట్‌కేసులు కిందికి దించమని వచ్చిన ఫోను గుర్తుంటాయి. ఏ చర్చి ఏ ఊళ్లో చూశారో మాత్రం ఫోటోలు తీసి వెతుక్కోవాలి. అందుకే సూటిగా చెబుతున్నాను. మొదటిసారి యూరప్ వెళ్తుంటే పక్కపక్కనున్న రెండు రాజధానులు ఎంచుకోండి, వారం రోజులు అక్కడే ఉండండి. ఏ రెండు అంటే నా ఓటు వియన్నా, బ్రాటిస్లావాలకు.

ఆస్ట్రియా రాజధానికీ స్లొవేకియా రాజధానికీ మధ్య దూరం 60 కిలోమీటర్లు. విజయవాడ నుంచి ఏలూరు వెళ్లినంత. రైల్లో గంట, డాన్యూబ్ నదిలో పడవ మీద గంటంబావు. రెండూ షెంజెన్‌లోనే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలోనే ఉన్నాయి, రెండు చోట్లా యూరోలే చెల్లుతాయి. ఒక్క వీసా సరిపోతుంది. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి, సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. వియన్నా ఎయిర్‌పోర్టు నుంచి బ్రాటిస్లావాకు నేరుగా బస్సులున్నాయి కాబట్టి ఏ ఊరితోనైనా మొదలుపెట్టొచ్చు. ప్లానింగ్ టెన్షన్ సగం ఇక్కడే తీరిపోతుంది.

వియన్నా గురించి నేను కొత్తగా చెప్పాల్సింది తక్కువ. షోన్‌బ్రున్ ప్యాలెస్‌కు ఎటూ వెళ్తారు. ఆర్ట్ మ్యూజియంలో పాతకాలపు చిత్రకారుడు బ్రూగెల్ చిత్రాలున్న గదిలో ఒక గంట కూర్చోండి. ఒపేరాలో నిలబడి చూసే చవక టికెట్లు ఉంటాయి, అవి కొనండి. కాఫీ హౌస్‌లో కప్పుతో పాటు చిన్న గ్లాసు నీళ్లు పెడతారు. అవి కుళాయి నీళ్లే. 1873 నుంచి ఆ ఊరు ఆల్ప్స్ కొండల ఊట నీళ్లు తాగుతోంది. బాటిల్ కొనాల్సిన పని లేదు.

నా పోట్లాటంతా బ్రాటిస్లావా కోసం. దాన్ని అందరూ పూటలో చూసేసే ఊరిగా లెక్కేస్తారు. పొద్దున వచ్చి, మ్యాన్‌హోల్‌లోంచి తల బయటపెట్టిన కంచు బొమ్మతో ఫోటో దిగి, సాయంత్రానికి వెళ్లిపోతారు. అక్కడ కనీసం మూడు రాత్రులు ఉండాలని నేనంటాను. ఎందుకంటే మొత్తం మధ్య యూరప్ చరిత్ర ఆ చిన్న ఊళ్లో మడతలు మడతలుగా ఉంది. 1536 నుంచి 1783 దాకా హంగరీ రాజ్యానికి అదే రాజధాని. అక్కడి సెయింట్ మార్టిన్ కేథడ్రల్‌లో 1563 నుంచి 1830 వరకు హంగరీ రాజులకు పట్టాభిషేకాలు జరిగాయి. హాబ్స్‌బర్గ్ వంశపు రాణి మరియా తెరీసా 1741లో కిరీటం పెట్టుకుంది అక్కడే. జర్మన్లకు ఆ ఊరు ప్రెస్‌బర్గ్, హంగేరియన్లకు పోజోనీ. 1910లో అక్కడ పుట్టి నిండు నూరేళ్లు బతికిన మనిషి, ఇల్లు కదలకుండానే ఆస్ట్రియా-హంగరీలో, చెకోస్లొవేకియాలో, యుద్ధకాలపు స్లొవాక్ రాజ్యంలో, మళ్లీ చెకోస్లొవేకియాలో, 1993 నుంచి స్లొవేకియాలో బతికినట్టు. 1914లో అక్కడి నుంచి వియన్నాకు ట్రామ్ ఉండేది. సాయంత్రం ట్రామెక్కి పక్కూరు వెళ్లొచ్చేవాళ్లు!

అదే కేథడ్రల్ గోడను దాదాపు ఆనుకుని ఇప్పుడు పెద్ద రోడ్డు పోతుంది. డాన్యూబ్ మీద 1972లో తెరిచిన వంతెనకు దారి కోసం పాత యూదుల పేటను పడగొట్టారు. కేథడ్రల్ పక్కనే నిలిచిన సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం కూడా అందులోనే పోయింది. గైడు ఆ వంతెన పైనున్న గుండ్రటి రెస్టారెంట్ చూపిస్తాడు. మీరు కిందికి కూడా చూడండి.

ఆ వంతెన కింది నుంచే ఊరి అంచునున్న డెవీన్‌కు 29 నంబరు బస్సు బయల్దేరుతుంది. మొత్తం ప్రయాణంలో ఒక్క పూటే మిగిలినా ఆ పూట డెవీన్‌కు ఇవ్వండి. కొండ మీద కూలిన కోట, దాని కిందే మొరావా నది వచ్చి డాన్యూబ్‌లో కలుస్తుంది. మొరావా పెద్ద నదేం కాదు. అవతలి గట్టు మీది చెట్ల కొమ్మలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ గట్టు ఆస్ట్రియా. కమ్యూనిస్టుల పాలనలో నలభై ఏళ్లపాటు ఈ గట్టు వెంబడి ముళ్లకంచె ఉండేది. ఈదుకుంటూ అవతలికి పోబోయిన వాళ్లను కాల్చారు. ఆ సరిహద్దు దాటబోయి చనిపోయిన వాళ్ల కోసం కట్టిన కాంక్రీటు కమాను నదికి దగ్గర్లోనే ఉంది. ఇంత దగ్గరి గట్టుకు చేరడానికి అన్ని ప్రాణాలా అని అక్కడ నిలబడ్డప్పుడు నాకు గొంతు పట్టేసింది. 1989 డిసెంబర్ 10న, ఆ పాలనను కూల్చిన వెల్వెట్ విప్లవం మొదలై నెల కూడా కాకుండానే, బ్రాటిస్లావా జనం వేలాదిగా నడుచుకుంటూ సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని హైన్‌బర్గ్‌కు వెళ్లారు. 2007 డిసెంబర్ 21న స్లొవేకియా షెంజెన్‌లో చేరాక మామూలు తనిఖీలు కూడా పోయాయి. ఇప్పుడు రైల్లో దేశం మారినట్టు తెలిసేది ఫోనుకు వచ్చే రోమింగ్ మెసేజ్‌తోనే.

జీవితంలో ఒక్కసారే వెళ్తాం, లక్షలు పోసి టికెట్లు కొంటాం, పారిస్, స్విట్జర్లాండ్ చూడకుండా ఎలా అని అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు గ్రూపు టూరులో భోజనం బెంగ ఉండదన్నదీ నిజమే. అయితే మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను రోజుకో హోటల్ మార్పించడం కంటే, ఒకే గదిలో నాలుగు రాత్రులు పడుకోనివ్వడం వాళ్లకు ఎక్కువ సుఖం. చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే అన్నం, పప్పు మీరే వండుకోవచ్చు.

ఇక చాలాకాలంగా నన్ను తొలుస్తున్న విషయం. యూరప్‌లో సరిహద్దులు చెరిగిపోయాయని మురిసిపోతూ రాసేవాళ్లు సగమే చెబుతున్నారు. ఆ సరిహద్దు మన దగ్గరికి, హైదరాబాద్ వీసా సెంటర్ దాకా వచ్చింది. ఫీజు 90 యూరోలు, సర్వీసు ఛార్జీ వేరే. వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగిరాదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు నుంచి సెలవు లెటరు, 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్, వేలిముద్రలు. జర్మనీలో చదువుకునే కొడుకు పట్టా అందుకునే రోజు చూద్దామనుకునే తండ్రి కూడా నేను తప్పకుండా తిరిగొస్తానని కాగితాలతో రుజువు చేసుకోవాలి. ఆస్ట్రియా పౌరుడు మన దేశానికి రావాలంటే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఇ-వీసా తెచ్చుకుంటాడు. మన ప్రభుత్వం యూరప్‌తో వాణిజ్యం మాట్లాడే ప్రతి బల్ల మీదా ఈ సంగతి గట్టిగా పెట్టాలి. కనీసం వీసా నిరాకరించినప్పుడు ఫీజులో సగమైనా వెనక్కి ఇమ్మని అడగాలి. ఇంత అవస్థ పడి తెచ్చుకున్న వీసాను ఎనిమిది దేశాల బస్సు కిటికీలకు ధారపోయడం నాకు బాధనిపిస్తుంది.

డెవీన్‌కు ఎగువన మొరావా మీద 2012లో సైకిళ్లకూ పాదచారులకూ ఒక వంతెన వేశారు. దాని పేరు స్వేచ్ఛా వంతెన. ఒక సాయంత్రం దాని మీద నడిచాను. సైకిల్ ముందు బుట్టలో కూరగాయలు పెట్టుకుని ఒక పెద్దావిడ ఆస్ట్రియా వైపు నుంచి నిదానంగా తొక్కుకుంటూ వచ్చింది, నాకు దారి ఇమ్మని గంట కొట్టింది, స్లొవేకియాలోకి వెళ్లిపోయింది. నేను అవతలి చివరి దాకా నడిచి వెనక్కి వచ్చాను. నా పాస్‌పోర్టు సంచిలోనే ఉంది. ఎవరూ అడగలేదు.