పొత్తికడుపు నొప్పి: స్కాన్ కంటే ముందు చేతి పరీక్ష

రాజోలు, అంతర్వేది వైపు ఊళ్ల నుంచి పొత్తికడుపు నొప్పితో క్యాజువాల్టీకి వచ్చే మహిళకు చాలాసార్లు అప్పటికే ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది, గ్యాస్ మాత్ర పడి ఉంటాయి. దాంతో జ్వరం, నొప్పి కాస్త తగ్గుతాయి. స్కాన్ తీస్తే నార్మల్ అని వస్తుంది. ఇంటికి పంపేస్తారు. గర్భసంచికి, దానికి ఇరుపక్కలా ఉండే అండవాహికలకు (ట్యూబులకు) సోకిన ఇన్ఫెక్షన్ తప్పిపోయేది ఇక్కడే. తొలి దశలో స్కాన్‌లో ఏమీ కనబడకపోవచ్చు. చీముగడ్డ కట్టాక గాని అది తేలిగ్గా దొరకదు. ఈలోగా ట్యూబులు మూసుకుపోతే, సంతానం కోసం కాకినాడ, రాజమండ్రి ఆస్పత్రుల చుట్టూ ఏళ్లతరబడి తిరగాల్సింది ఆమే.

మొదట మూత్రంతో గర్భ పరీక్ష చేయాలి. ‘నాకు ఆపరేషన్ అయిపోయిందండి’ అన్నా సరే. ట్యూబెక్టమీ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) తర్వాత గర్భం రావడం అరుదు. వస్తే మాత్రం అది ట్యూబులోనే నిలిచే ముప్పు బాగా ఎక్కువ. పెళ్లికాని అమ్మాయి విషయంలోనూ ఈ పరీక్ష మానకూడదు.

ఆ తర్వాత చేతి పరీక్ష. గ్లౌజు వేళ్లతో గర్భాశయ ముఖాన్ని మెల్లగా పక్కలకు కదిపితే నొప్పి పుడుతోందా? గర్భసంచిని నొక్కితే? అండాశయాల దగ్గర నొక్కితే? మూడింటిలో ఒక్కటున్నా, వేరే కారణం తేలకపోతే, ల్యాబ్ రిపోర్టుల కోసం ఆగకుండా మందులు మొదలుపెట్టాలి. 101 డిగ్రీలు దాటిన జ్వరం, రక్తపరీక్షలో పెరిగిన సీఆర్‌పీ (ఒంట్లో వాపును సూచించే ప్రొటీన్), చీములాంటి తెల్లబట్ట ఉంటే అనుమానం బలపడుతుంది. అవి లేవని కొట్టిపారేయకూడదు. ఈ పరీక్షకు కావాల్సినవి ఒక కర్టెన్, ఒక నర్సమ్మ, లోపల చూడటానికి వాడే ఒక స్పెక్యులమ్ పరికరం. కిక్కిరిసిన క్యాజువాల్టీలో కర్టెన్ లేకపోవడమే పెద్ద అడ్డంకి. అత్తగారు పక్కన నిలబడితే తెల్లబట్ట గురించి, కాపర్‌టీ గురించి ఎవరు నోరు విప్పుతారు? కాపర్‌టీ వేసిన తొలి మూడు వారాల్లోనే ఈ ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ కాబట్టి ఎప్పుడు వేశారో అడగాలి.

బొడ్డు దగ్గర మొదలై కుడివైపు దిగిన నొప్పి, అన్నం సహించకపోవడం అపెండిక్స్ వైపు చూపిస్తాయి. రెండు పక్కలా, నెలసరి అయిన కొద్దిరోజులకే వస్తే ట్యూబుల్ని అనుమానించాలి. కుడి పక్కటెముకల కింద నొప్పి ఉంటే పిత్తాశయం అనుకుంటారు గాని, ఇదే ఇన్ఫెక్షన్ కాలేయం పైపొరకు పాకినా అలాగే ఉంటుంది. ఏదో తేలకపోయినా, గర్భం ఉన్నా, వాంతులతో మాత్రలు నిలవకపోయినా, చీముగడ్డ కనబడినా అడ్మిట్ చేయాల్సిందే.

ఇంటికి పంపదగ్గ మనిషికి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 మార్గదర్శకాలు చెప్పేది సెఫ్‌ట్రయాక్సోన్ 500 మిల్లీగ్రాములు కండకు సూదిగా ఒకసారి, డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండూ రోజుకు రెండుసార్లు 14 రోజులు. నాలుగో రోజుకు నొప్పి తగ్గగానే మాత్రలు ఆపేయడం మన దగ్గర మామూలు. అందుకే 72 గంటల్లోపు మళ్లీ రమ్మని ఓపీ చీటీ మీద తేదీ వేసి ఇవ్వాలి. భర్తకూ మందులు రాయాలి. లేదంటే ఆమెకు అదే జబ్బు మళ్లీ అంటుకుంటుంది.