దుర్యోధనుడి పోస్టు ఖాళీ లేదు

ఒకే రకం వేషాలేసే నటుల మీద జాలిపడడం చదువుకున్నోళ్లకు ఫ్యాషనైపోయింది. మూస అంటారు, ప్రతిభంతా వృథా అంటారు. వీళ్లెవరూ ఎండాకాలంలో చిత్తూరు పల్లెల్లో భారతం చూసినట్టు లేదు. ద్రౌపదమ్మ గుడి ముందు పగలు హరికథ, రాత్రి నాటకం. వేషగాళ్లు ఊరు మారుస్తారు గానీ వేషం మార్చరు. నిరుడు తొడ విరిగినవాడే ఈ ఏడూ విరగ్గొట్టించుకుంటాడు. ఇంత భద్రత సర్కారు కొలువులో కూడా లేదు.

కొత్తవాణ్ణి పెడితే ఏమవుతుందో చివరినాటి దుర్యోధన వధలో తెలుస్తుంది. నేల మీద మట్టితో చేసి వెల్లకిలా పడుకోబెట్టిన దుర్యోధనుడి భారీ బొమ్మ. దాని చుట్టూ, దాని మీదా భీముడూ దుర్యోధనుడూ తరుముకోవాలి. మట్టి పచ్చిగా ఉంటే కాలు దిగబడుతుంది, మరీ ఆరితే పెళ్లలు లేచి జారుతుంది. ఎండకు మొహాన పూసిన అర్దలం రంగు చెమటతో కలిసి కంట్లోకి దిగుతుంది. అయినా సరే, గద లేచే వేళకు బొమ్మ తొడ దగ్గరికి చేరుకోవాలి. ఎర్రనీళ్ల ఏర్పాటంతా అక్కడే. కొత్తవాడు ప్రాణభయంతో తల వైపు పరిగెడతాడు, భీముడు వాడి వెంట పడతాడు, ఇక్కడ ద్రౌపది జుట్టు విరబోసుకుని ఎండలో నిలబడే ఉంటుంది.

దుశ్శాసనుడిదీ చెయ్యి తిరిగినవాడి పనే. కొంగుకు కొంగు కలిపి చుట్టిన చీరల్లో ఏ కొస లాగాలో వాడికి తెలియాలి. ముడి బిగుసుకుందంటే కృష్ణుడు వచ్చినా విప్పలేడు.

పదోన్నతులు లేవనుకోకండి. అర్జునుడి తపస్సు ఘట్టానికి నాటిన మాను ఎక్కుతూ పద్యం పాడి, కింద పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లకు నిమ్మకాయలు విసరగలిగినన్నాళ్లు అర్జునుడు. పొట్ట వస్తే ధర్మరాజు. చూపు మందగిస్తే ధృతరాష్ట్రుడు, దానికి నటన కూడా అక్కర్లేదు.

చిక్కల్లా నాటకం అయ్యాక. దుర్యోధనుడు పాపం చేబదులుకు పోతే, అప్పిచ్చేవాడితో పక్కనోళ్లు ‘అయిదూళ్లు అడిగితేనే ఇయ్యనోడు గదప్పా, నీ అప్పు తిరిగిస్తాడా?’ అంటారు.

సినిమా వాళ్లు మాత్రం ఏం తక్కువ? హిందీలో జగదీశ్ రాజ్ 144 సినిమాల్లో పోలీసుగా వేసి గిన్నిస్ బుక్కులోకెక్కారు. అన్నేళ్ల సర్వీసుకు పింఛను ఎవరిస్తారో రాయలేదు. మా ఊరి పేరును ఇంటిపేరుగా వాడుకున్న చిత్తూరు నాగయ్య మొదట పోతన, 1946లో త్యాగయ్య, 1947లో వేమన. ఆయనకు దండాలు దక్కాయి. గయ్యాళి అత్త వేషాలకు పెట్టింది పేరైన సూర్యకాంతానికి మాత్రం ఆ పేరే లేకుండా పోయింది. ఆమె తర్వాత కూతురికి సూర్యకాంతమని పెట్టుకునే ధైర్యం ఎంతమందికొచ్చింది?

ఇప్పుడు మా యాసకే వేషం ఖాయం చేశారు. తెర మీద ఎవరైనా ‘ఏమబ్బా’ అన్నారంటే ప్రేక్షకుడు వాడి భుజం మీద ఎర్రచందనం దుంగ కోసం వెతుకుతాడు. శేషాచలం అడవి దాటితే మా వైపు వేరే మనుషులే లేనట్టు! అయ్యా దర్శకులూ, దామలచెరువు మామిడి మండీలో తోతాపురికి రేటు అడిగే రైతు వేషం కూడా ఒకటుంది. ఏటా అదే సీను, అదే డైలాగు, ఎదుట అదే వ్యాపారి. రిహార్సలు ఖర్చు మీకు దమ్మిడీ ఉండదు.