కిరాయి ఇంటికి ఇంటిపేరు దేనికి సార్?

హన్మకొండలో కిరాయికి ఇల్లు వెతికినవాళ్లకు ఈ ఇంటర్వ్యూ తెలిసిందే. ఎంతమంది ఉంటరు, ఏం జాబ్, ఇంటిపేరేంది? ఇంటిపేరుతో కులం తేలకపోతే సొంతూరు. అప్పటికీ తేలకపోతే "నాన్‌వెజ్ తింటరా?" కాకతీయ యూనివర్సిటీలో చదవడానికి ములుగు, మహబూబాబాద్ నుంచి వచ్చిన దళిత, కోయ పిల్లలు నైంనగర్ గల్లీల్లో ఇది పాసైతేనే రూం. ముస్లిం పేరు చెబితే ఇంటర్వ్యూ కూడా ఉండదు. "ఇప్పుడే ఇచ్చేసినం" అంటారు. టులెట్ బోర్డు మాత్రం ఇంకో వారం అక్కడే వేలాడుతుంది.

ఇలాంటి ఓనర్ల పిల్లలు ఎంతమంది అమెరికాలో, డాలస్‌లో లేరు? రంగు, జాతి, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు కాదనకూడదని అక్కడ 1968లోనే ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ వచ్చింది. నల్లవాళ్ల హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన వారానికి అప్పటి ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టిన చట్టం అది. నల్లవాళ్లు ప్రాణాలిచ్చి తెచ్చుకున్న హక్కు, మనోళ్లకు ఊరికే దొరికింది. సియాటిల్ నగరం 2023లో కులాన్ని కూడా నిషేధంలో చేర్చింది, ఇళ్ల కిరాయితో సహా.

"మేం కిందనే ఉంటం, పైన ఎవరుండాలో మా ఇష్టం కాదా?" అంటారు ఓనర్లు. ఈ మాటను నేను కొట్టిపారేయను. ఓనరే ఉండే నాలుగు పోర్షన్లలోపు ఇంటికి ఆ అమెరికా చట్టం కూడా మినహాయింపు ఇచ్చింది. అయినా ఫలానా వాళ్లకే అని ప్రకటన వేయడానికి మాత్రం వాళ్లకూ వీల్లేదు.

మనకు చట్టం లేదా అంటే, ఉంది. అంటరానితనం పేరుతో ఏ వాడలోనైనా ఇంట్లో ఉండకుండా అడ్డుకోవడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా 100 నుంచి 500 రూపాయలు. సబ్సిడీ లేకుంటే ఐదొందలకు ఇప్పుడు గ్యాస్ బండ కూడా రాదు! పైగా ముస్లిం కుటుంబాన్ని కాదంటే ఈ చట్టం పనికిరాదు. కులం, మతం చూసి ఎక్కడెక్కడ అడ్డుకోకూడదో రాజ్యాంగం 15(2) దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్లు అని పేరుపేరునా చెప్పింది. అందులో కిరాయి ఇల్లు లేదు.

అసలు చిక్కు "ఇప్పుడే ఇచ్చేసినం" అన్న అబద్ధం. దాన్ని ఎట్లా పట్టుకుంటారు? అమెరికాలో ఒకే ఇంటికి ఒక నల్ల మనిషిని, ఒక తెల్ల మనిషిని విడివిడిగా పంపి చూస్తారు. ఖాళీ లేదని అబద్ధం చెప్పించుకున్న ఆ నల్ల మనిషి, నిజంగా ఇల్లు అక్కర్లేకపోయినా, కేసు వేయొచ్చని 1982లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ రూం దొరకని పిల్లగాడు సామాను ఎక్కడ దించాలా అని టెన్షన్ పడతాడా, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతాడా?

జైలు కేసులతో ఇది తేలదు. కులం, మతం రెండూ చేరిన సివిల్ చట్టం కావాలి, ఫిర్యాదు చేస్తే నష్టపరిహారం ఇప్పించాలి. అది వచ్చేలోగా సుబేదారి లా కాలేజీ పిల్లలు ఒక పని చేయొచ్చు. అమెరికాలో లాగే ఒకే ఇంటికి ఇద్దరిని విడివిడిగా పంపి చూడొచ్చు: ఒకే జీతం, ఒకే సామాను, రెండు ఇంటిపేర్లు. నైంనగర్ నుంచే మొదలుపెట్టండి.