ఏ కందిరీగో చెప్పేదెవరు?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం ఐదేళ్లు ఒకే ఒక్క పురుగు వెంటపడింది. రాక్షస కందిరీగను తమ నేల మీద లేకుండా చేశామని ఆ రాష్ట్ర వ్యవసాయ శాఖ, అమెరికా కేంద్ర వ్యవసాయ శాఖ కలిసి 2024 డిసెంబర్ 18న ప్రకటించాయి. ఆసియా నుంచి వచ్చిన ఈ పురుగు 2019లో మొదట కెనడాలో, ఆ ఏడాది చివర్లో వాషింగ్టన్ రాష్ట్రం ఉత్తర కొసనున్న బ్లెయిన్ పట్టణం దగ్గర కనిపించింది. దీని రాణి బొటనవేలంత ఉంటుంది. కొన్ని పదుల కందిరీగలు కలిస్తే కొన్ని గంటల్లో ఒక తేనెపెట్టెలోని ఈగలన్నిటి తలలు తుంచి, లోపలి పిల్లపురుగుల్ని ఎత్తుకుపోతాయి. 2020లో అక్కడి పత్రికలు దానికి 'హంతక కందిరీగ' అని పేరు తగిలించాక సియాటెల్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల దాకా టెన్షన్ పాకింది.

ఆ రాష్ట్రం చేసిన పని చూడండి. బ్లెయిన్ దగ్గర బతికున్న కందిరీగల్ని పట్టి, పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారంతో వాటి నడుముకు చిన్న రేడియో పరికరం కట్టి వదిలారు. దాని వెంట నడిచి 2020 అక్టోబర్‌లో ఒక చెట్టు తొర్రలో తుట్టెను పట్టుకున్నారు. అందులో గుడ్లు, పిల్లపురుగులు, పెద్దవి కలిపి సుమారు 500 ఉన్నాయి. వాటిలో మరుసటి ఏడాది కొత్త కాపురాలు పెట్టబోయే రాణులే దాదాపు 200. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే అవన్నీ ఎగిరిపోయేవి. 2021లో మరో మూడు తుట్టెలు దొరికాయి. ఆ తర్వాత మూడేళ్లలో ఒక్కటి కూడా నిర్ధారణ కాలేదు.

పరికరాల సంగతి అలా ఉంచుదాం. ఆ రాష్ట్రంలో నిర్ధారణ అయిన కందిరీగల్లో సగం మామూలు జనం చూసి చెప్పినవే. నారింజ రసంలో వంటకు వాడే బియ్యపు వైన్ కలిపి పెరట్లో ఉచ్చులు వేలాడదీసిన ఇంటివాళ్లు, చచ్చిన పురుగును సీసాలో వేసి ఫోటో పంపినవాళ్లు. ఇలా వచ్చిన ఫోటోల్లో చాలావరకు వేరే పురుగులవే. కీచురాళ్లను వేటాడే అమాయకపు కందిరీగలు, తుమ్మెదల్లాంటి పెద్ద ఈగలు. అయినా ఎవరినీ వెక్కిరించకుండా 'ఇది అది కాదు, దీన్ని చంపకండి' అని జవాబు చెప్పే మనుషులు ఆ శాఖలో ఉన్నారు. మా దృష్టిలో అసలు గెలుపు అక్కడుంది.

ఈ పని సమయానికి జరగకపోతే ఏమవుతుందో యూరప్‌లో చూడొచ్చు. పసుపు కాళ్ల కందిరీగ 2004 నాటికే చైనా నుంచి సరుకుతోపాటు ఫ్రాన్స్ నైరుతి ప్రాంతానికి చేరింది. యూరప్ అంతటా పాకిన ఈ సంతతికి మూలం ఒకే ఒక్క రాణి కావచ్చని జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. అక్కడి నుంచి స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ చుట్టేసి 2016లో బ్రిటన్‌లో అడుగుపెట్టింది. ఫ్రాన్స్‌లో ఇప్పుడు దాన్ని పూర్తిగా తొలగిస్తామని ఎవరూ అనడం లేదు. బ్రిటన్ మాత్రం ఇంకా పోరాడుతోంది. 2023 ఒక్క ఏడాదిలోనే అక్కడ 72 తుట్టెలు దొరికాయి.

బ్రిటన్‌కు ఉన్న చిక్కు ఏమిటంటే, అక్కడ సొంత కందిరీగ ఒకటి ఉంది. అది పరాయిదానికన్నా కాస్త పెద్దది, పొట్ట మీద పసుపు ఎక్కువ, కాళ్లు గోధుమ రంగు. పరాయిది చూపుకు నల్లగా ఉంటుంది, పొట్ట చివర ఒక వెడల్పాటి పసుపు నారింజ పట్టీ, కాళ్ల కొసలు పసుపు సాక్సు తొడిగినట్టు. ఈ తేడా తెలియనివాడు చెప్పు తీశాడంటే చచ్చేది చాలాసార్లు సొంతదే. ఫ్రాన్స్‌లో కొందరు వసంతకాలంలో ఇష్టమొచ్చినట్టు పెట్టిన తీపి ఉచ్చుల్లో పరాయి రాణుల కన్నా స్థానిక పురుగులే ఎక్కువగా పడ్డాయని శాస్త్రవేత్తలు మొత్తుకున్నారు. అమెరికాలోనూ 2023 ఆగస్టులో ఇదే పసుపు కాళ్ల కందిరీగ జార్జియా రాష్ట్రం సవానా దగ్గర బయటపడింది. దాన్ని పట్టి అధికారులకు చెప్పింది తేనెటీగలు పెంచుకునే ఒక వ్యక్తే.

ఇక మన సంగతి. యూరప్ వణికిపోతున్న పసుపు కాళ్ల కందిరీగకు హిమాలయాలు, ఈశాన్య రాష్ట్రాలు పుట్టిల్లు. మిఠాయి దుకాణాల దగ్గర ముసిరే ఎర్ర గోధుమ రంగు కందిరీగ, అంటే పసుపు ముఖం, పొట్ట మీద పసుపు పట్టీ ఉన్నది, మనకు పాత చుట్టమే. స్పెయిన్‌కు, చిలీకి మాత్రం అది కొత్తగా వచ్చిపడ్డ బెడద. అంటే ఏ పురుగూ పుట్టుకతో దొంగ కాదు. పుట్టిన చోట దాన్ని అదుపులో ఉంచేవి ఉంటాయి. మన పుట్ట తేనెటీగలు పెట్టె ముందుకొచ్చిన కందిరీగను వందల కొద్దీ చుట్టుముట్టి, ఒళ్లు వేడెక్కించి, ఆ ఉండ మధ్యలో ఉడికించి చంపుతాయి. కందిరీగ తట్టుకోలేని వేడిని తేనెటీగ తట్టుకుంటుంది. కొండ తేనెటీగలైతే పట్టు మీద అలలు అలలుగా పొట్టలెత్తి కందిరీగను బెదరగొడతాయి. ఐరోపా నుంచి తెచ్చి మన రైతులు పెట్టెల్లో పెంచుతున్న తేనెటీగలకు ఈ విద్యలు అంతగా రావు. కందిరీగల బెడద వాటికే ఎక్కువ.

తెలుగు నేల మీద ప్రాణాల మీదకు తెచ్చేది ముఖ్యంగా చెట్ల కొమ్మల్లో, ఇళ్ల చూరుల్లో పెద్ద బంతిలా కాగితపు తుట్టె కట్టే నల్ల కందిరీగ. దాని పొట్ట మొదటి రెండు భాగాలు పసుపు నారింజ, మిగతాదంతా నలుపు. దీనికి దగ్గరగా కనిపించే మరొకదానికి రెండో భాగం ఒక్కటే పసుపు. అది తొర్రల్లో, నేల బొరియల్లో కాపురం పెట్టి, ఎక్కువగా చిన్న కందిరీగల గూళ్లను దోచి బతుకుతుంది. ఇక కిటికీ సజ్జ కింద అరచేతి కన్నా చిన్నగా, గదులన్నీ బయటికి కనిపించేలా గూడు కట్టేవి పంట మీది గొంగళి పురుగుల్ని తింటాయి. గోడ మూలల్లో మట్టి గూళ్లు కట్టే సన్న నడుము ఈగలు మనిషి జోలికి దాదాపు రావు. మనం మాత్రం వీటన్నిటికీ కలిపి ఒకే వైద్యం చేస్తున్నాం: కర్ర చివర గుడ్డ, కిరోసిన్, అగ్గిపుల్ల.

ఆ మంటకు తుట్టె సగం కాలుతుంది. మిగతా సగం బయటికొచ్చి కింద ఉన్నవాళ్లను కుడుతుంది. తేనెటీగ ఒకసారి కుడితే దాని ముల్లు మన చర్మంలో దిగబడి అది చస్తుంది. కందిరీగ అలా కాదు, ఎన్నిసార్లయినా కుడుతుంది. తుట్టె దగ్గర ఒకదాన్ని నలిపితే వచ్చే వాసనకు మిగతావి రెచ్చిపోతాయి. గీత కార్మికుడు తాటి చెట్టు మీద ఉన్నప్పుడు, ఉపాధి హామీ కూలీలు చెరువు గట్టు మీద పొదలు కొడుతున్నప్పుడు, బడి పిల్లలు రాళ్లు విసిరినప్పుడు ఇదే జరుగుతోంది. చైనాలోని షాన్షీ రాష్ట్రంలో 2013లో కొన్ని నెలల్లో 40 మందికి పైగా కందిరీగలు కుట్టి చనిపోయారు, 1,600 మందికి పైగా గాయపడ్డారు. ఇది చిన్న పురుగుతో చిన్న ప్రమాదం అనుకునేవాళ్లు ఆ అంకెలు గుర్తుంచుకోవాలి.

కుట్టాక ఇంట్లో జరిగే వైద్యం మరో కథ. సున్నం, పసుపు, ఉల్లిపాయ, ఇనుప ముక్క రుద్దడం. ఒకటి రెండు కుట్టి నొప్పి మాత్రమే ఉంటే సబ్బుతో కడిగి ఐసు పెడితే చాలు. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు, గొంతు వాపు, ఆయాసం, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా నిమిషాలు లెక్కే. అప్పుడు కావాల్సింది తొడలో అడ్రినలిన్ ఇంజెక్షన్. అదేమీ ఖరీదైన మందు కాదు. పదుల సంఖ్యలో కుట్టినవారి ప్రమాదం అదే రోజుతో తీరదు. విషానికి కండరాలు దెబ్బతిని, ఆ తర్వాత కిడ్నీలు పని మానేయొచ్చు. మూత్రం తగ్గినా, ముదురు గోధుమ రంగులో వచ్చినా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. 'నొప్పి తగ్గింది కదా' అని ఇంటికి పంపేయడం తప్పు.

ఒక తుట్టె కనిపిస్తే మన ఊళ్లో మనిషి ఎవరికి ఫోన్ చేయాలి? అటవీ శాఖకా, పంచాయతీకా, అగ్నిమాపక కేంద్రానికా? ఎవరు ఎత్తినా అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఫోటో ఉందా?' అన్నది. దాన్ని చూసి ఉండనివ్వాలో తీసేయాలో చెప్పగలిగే కీటక శాస్త్రవేత్తలు మన రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. ఒక వాట్సాప్ నంబరు, దాని వెనక జవాబిచ్చే ఇద్దరు ముగ్గురు, జిల్లాకో శిక్షణ పొందిన బృందం, వాళ్లకు మందపాటి రక్షణ దుస్తులు. దీనికి కోట్లు అక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అడ్రినలిన్ అయిపోకుండా చూడటం వైద్య శాఖ పని. తేనెటీగలు, కందిరీగలు కుట్టి చనిపోయినవారి కుటుంబాలకు కేరళ పరిహారం ఇస్తోంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడా ఆ బాటలో స్పష్టమైన ఉత్తర్వులు ఇవ్వాలి.

ఆ నంబరుకు ఇంకో ఉపయోగం ఉంది. 2018లో మొక్కజొన్న మీద పడ్డ కత్తెర పురుగు, 2021లో ఖమ్మం, గుంటూరు మిర్చిని ఊడ్చేసిన నల్ల తామర పురుగు, గోదావరి కొబ్బరి తోటల్లోని సర్పిలాకార తెల్లదోమ, ఇవన్నీ బయటి నుంచి వచ్చినవే. మిర్చి రైతు మామూలు తామర పురుగే అనుకుని మందు మీద మందు కొట్టి చేతులు కాల్చుకున్నాడు. తేడా తెలిసేసరికి పూత రాలిపోయింది. ఓడరేవులున్న రాష్ట్రానికి రేపు వచ్చే కొత్త పురుగేదో ఎవరూ చెప్పలేరు. దాన్ని మొదట చూసేది మాత్రం శాస్త్రవేత్త కాదు, రైతో కూలీయో.

వానలు వెనకబట్టేసరికి తుట్టెలు బాగా పెరిగి ఉంటాయి. బృందాలకు శిక్షణ అంతకన్నా ముందే, తొలకరి నాటికే పూర్తి కావాలి. ఆ శిక్షణ ఇచ్చేవాళ్లలో పాడేరు, అరకు కొండల్లో తేనె తీసే గిరిజనులు కూడా ఉండాలి. వాళ్లకు ఏ పట్టు ఏ ఈగదో దూరం నుంచే తెలుస్తుంది. వాళ్లను సాయం అడిగి చేతులు దులుపుకోకుండా, విశ్వవిద్యాలయం నుంచి వచ్చే నిపుణుడికి ఇచ్చే రోజువారీ భత్యమే వాళ్లకూ ఇవ్వాలి.