సవరణ: వేట నిషేధం తేదీల గురించి

గాజులదిన్నె ప్రాజెక్టులో చేపలు పట్టుకునే అన్నల కోసం మొన్న రాసిన పోస్టులో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మనమూ వల వేయకూడదని రాశాను. అది తప్పు. ఆ 61 రోజుల నిషేధం తూర్పు తీరంలో సముద్రంలోకి వెళ్లే మరబోట్లకు. పడమటి తీరంలో, లక్షద్వీప్ వైపు అది జూన్ 1 నుంచి జూలై 31 వరకు. ఆ తేదీలు రిజర్వాయర్లకు వర్తించవు. ఎండాకాలం రెండు నెలలూ పని మానుకోవాలా అని ఒక అన్న టెన్షన్‌తో ఫోన్ చేశాడు. ఆయనకూ, ఇంట్లోవాళ్లకూ నా క్షమాపణలు.

మనం జాగ్రత్తపడాల్సింది వానాకాలంలో. బొచ్చె, శీలావతి వరద నీటికి ఎదురెక్కి గుడ్లు పెట్టేది అప్పుడే. మన ప్రాజెక్టుకు నీళ్లు తెచ్చే హంద్రీ నదికి కొత్తనీరు వచ్చినప్పుడు గుడ్లతో ఉన్న చేప వలలో పడితే దయచేసి వదిలేయండి.

ఇంకొకటి. అదే పోస్టులో, లక్షద్వీప్ దీవుల్లో ట్యూనా చేపలను వలలతో పడతారని రాశాను. అదీ తప్పే. అక్కడ ఎక్కువగా గాలం కర్రతో ఒక్కొక్క చేపనే లాగుతారు. ఆ వేటలో వల వేసేది ఎరగా వాడే చిన్న చేపల కోసమే. మన దగ్గర మాత్రం చిన్న కన్నుల వల వద్దని ఆ పోస్టులో చెప్పిన మాటలో మార్పు లేదు.