ఉద్యోగాల కోతకు ముందే కార్మికుల మాట వినాలి

రసాయన పరిశ్రమ ప్రపంచమంతటా కుదుపులకు లోనవుతోంది. ఐరోపాలో ఇంధన వ్యయం, ఆసియాలో గిరాకీని మించి పెరిగిన ఉత్పత్తి సామర్థ్యం, కంపెనీల విలీనాలు, విభజనలు కలిసి పాత ప్లాంట్ల మూసివేతకూ వేల ఉద్యోగాల కోతకూ దారితీస్తున్నాయి. 2017లో విలీనమైన అమెరికా రసాయన సంస్థలు డౌ, డూపాంట్ 2019కల్లా మూడు కంపెనీలుగా విడిపోయాయి. మార్కెట్ మారినప్పుడు పరిశ్రమ మారక తప్పదని మేమూ అంగీకరిస్తాం. అయితే మూసివేత, కోతల నిర్ణయం ఖాయం కాకముందే కార్మికుల మాట వినడం యాజమాన్యాల దయాదాక్షిణ్యాలకు వదిలేయదగిన విషయం కాదు.

ఈ పరిశ్రమలో సిబ్బంది తగ్గింపు జమాఖర్చుల లెక్కతో ముగిసిపోదు. 1984 డిసెంబరులో భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ విషవాయువు వెలువడటానికి ముందు, ఆ రసాయనాన్ని తయారుచేసే యూనిట్‌లో ఆపరేటర్లను 12 మంది నుంచి ఆరుగురికి కుదించారు. రాత్రి షిఫ్టులో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ పోస్టును తొలగించారు. విషరసాయనాన్ని చల్లగా ఉంచాల్సిన శీతలీకరణ వ్యవస్థను నెలల ముందే ఆపేశారు. ఆ పొదుపుకు మూల్యం చెల్లించింది కర్మాగారం గోడల అవతల నిద్రిస్తున్న వేలాది మంది. ఒక వాల్వును మార్చాలన్నా ముందుగా ప్రమాద విశ్లేషణ జరగాలనే పరిశ్రమ, అనుభవజ్ఞులైన ఆపరేటర్లను సాగనంపేటప్పుడు మాత్రం ఆ విశ్లేషణ అక్కర్లేదనుకోవడం క్షమించరానిది. ఏ పైపు ఎక్కడ కారుతుందో, ఏ మీటరును నమ్మకూడదో ఎరిగినవారు వెళ్లిపోతే ఆ జ్ఞానం కూడా వారి వెంటే వెళ్లిపోతుంది.

సంప్రదింపుల బాధ్యత కొత్తదేమీ కాదు. తొలగింపులకు కారణాలు, ఎందరిపై, ఏ వర్గాలవారిపై ప్రభావం పడుతుంది, ఎంత కాలంలో అమలవుతుంది అన్న వివరాలను కార్మిక ప్రతినిధులకు సకాలంలో ఇచ్చి చర్చించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లోనే 158వ ఒప్పందంలో నిర్దేశించింది. చాలా దేశాలు నేటికీ దాన్ని ధ్రువీకరించలేదు. సామూహిక తొలగింపులపై ఐరోపా సమాఖ్య 1998లో జారీ చేసిన ఆదేశం మరింత స్పష్టంగా, ఒప్పందానికి రావాలన్న ఉద్దేశంతోనే చర్చలు జరగాలంటుంది. నోటీసు బోర్డుపై జాబితా అంటించిన తర్వాత పిలిచే సమావేశాన్ని చర్చ అనలేం.

తలుచుకుంటే మెరుగైన దారి ఉంది. 2023 ఫిబ్రవరిలో 2,600 ఉద్యోగాల కోత ప్రకటించిన జర్మనీ రసాయన సంస్థ బీఏఎస్‌ఎఫ్‌కు, తన ప్రధాన కేంద్రమైన లుడ్విగ్స్‌హాఫెన్‌లో బలవంతపు తొలగింపులు ఉండరాదన్న ఒప్పందం అప్పటికే ఉంది. కనుక అక్కడ మూతపడే యూనిట్ల సిబ్బందిని ఇతర ప్లాంట్లకు మార్చే మార్గం వెతకాల్సి వచ్చింది. బలమైన కార్మిక సంఘం ఉన్నచోట దక్కే ఈ రక్షణ కాంట్రాక్టు కార్మికులకు ఎక్కడా సులువుగా అందదు. 2005లో అమెరికాలోని టెక్సాస్ సిటీ చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడుకు బలైన 15 మందీ కాంట్రాక్టు సిబ్బందే. ప్రమాదంలో ముందుండేవారిని పరిహారం, పునరుపాధి లెక్కల్లో చిట్టచివరికి నెట్టడం అన్యాయం.

ఉద్యోగం పోయినా రసాయనాల ప్రభావం శరీరాన్ని వీడదన్న సంగతినీ మరవరాదు. ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే మెసోథీలియోమా క్యాన్సర్ బయటపడేందుకు దశాబ్దాలు పట్టవచ్చు. అప్పటికి కంపెనీ పేరు, యజమాని మారి ఉండవచ్చు. అందుకే ప్రతి పునర్వ్యవస్థీకరణ ఒప్పందంలోనూ కార్మికులు ఏయే రసాయనాల మధ్య పనిచేశారన్న రికార్డులను భద్రపరచడం, కాంట్రాక్టు సిబ్బంది సహా అందరికీ తదుపరి వైద్య పరీక్షల ఖర్చు భరించడం షరతులుగా ఉండాలి. కంపెనీని కొన్నవారు ఆస్తులతోపాటు ఈ బాధ్యతనూ స్వీకరించేలా ప్రభుత్వాలు చట్టం చేయాలి.