కుర్రాడింకా మగ్గలేదండీ

బేస్‌బాల్ గురించి తెలుగులో రాస్తే చదివేవాళ్లు టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలో ఒక నలుగురు ఉంటారేమో, ఆ నలుగురూ ఎలాగూ మా చుట్టాలే, అయినా సరే ఈ విషయంలో నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కావట్లేదు. మేజర్ లీగ్ (అమెరికా బేస్‌బాల్లో అన్నిటికంటే పై మెట్టు) క్లబ్బుల మీద జనం అన్యాయంగా అభాండాలు వేస్తున్నారు. పాపం వాళ్లు కుర్రాళ్లని కంటికి రెప్పలా చూసుకుంటూ, సరిగ్గా పండిన రోజు చూసుకుని పైకి పంపుతుంటే, కావాలని తొక్కిపెట్టారు, డబ్బులు మిగుల్చుకుంటున్నారు అని నోటికొచ్చింది అనేస్తున్నారు.

నా అర్హతేంటి అంటారా. మా ఊళ్లో రఫ్‌రైడర్స్ అని టెక్సస్ రేంజర్స్ వాళ్ల డబుల్ ఏ టీం ఉంది, నేను మూడు సమ్మర్ల నుంచి వాళ్ల స్టేడియంలో హోమ్ ప్లేట్ వెనకాల కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నా. తొక్క ఎక్కడ ఉమ్మాలో ఇంకా సరిగ్గా తెలీలేదు గానీ మిగతా స్కౌటింగ్ (కుర్రాళ్ల ఆట చూసి ఎవడు పైకొస్తాడో పసిగట్టే పని) అంతా వచ్చేసింది.

తెలీనివాళ్లకి చెప్తున్నా, ఇక్కడ కుర్రాడు డ్రాఫ్ట్‌లో (ఏటా క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట) ఎంపికవ్వగానే సరాసరి టీవీలో కనపడిపోడు. సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మెట్లున్నాయి, వీటినే మైనర్స్ అంటారు, 30 క్లబ్బులకి తలా నాలుగు చొప్పున 120 టీములు, ఇవి కాక కొత్తగా వచ్చినవాళ్లకి రూకీ లీగులు. మన ఇళ్లల్లో మావిడికాయలు గడ్డిలో పెట్టి మగ్గబెట్టేవాళ్లు చూడండి, అచ్చం అదే. రోజూ ఎవరో ఒకాయన వస్తాడు, గడ్డి తీసి నొక్కి చూస్తాడు, ఇంకా గట్టిగానే ఉంది అంటాడు, మళ్లీ కప్పేసి వెళ్లిపోతాడు.

నొక్కి చూడ్డానికి ఒక స్కేలుంది, 20 నుంచి 80 దాకా. 50 అంటే మేజర్ లీగ్‌లో సగటు ఆటగాడు, అక్కణ్ణుంచి పైకి మూడు మెట్లు, కిందకి మూడు మెట్లు, మెట్టుకి పది, స్టాండర్డ్ డీవియేషన్ లెక్క. కొట్టడం, దూరం కొట్టడం, పరిగెత్తడం, విసరడం, ఫీల్డింగు, ఈ ఐదింటికీ విడివిడిగా మార్కులు. నాకు ఈ స్కేల్లో బాగా నచ్చిందేంటంటే ఎంత దరిద్రంగా ఆడినా 20 గ్యారంటీ, హాల్ టికెట్ నంబరు రాసినందుకు వేసినట్టు.

కానీ అసలైన స్కౌటు మార్కుల దగ్గర ఆగడు. కుర్రాడు పొడుగ్గా, సన్నగా, జేబురుమాలు ఆరేసిన దండెంలా ఉన్నాడనుకోండి, వాణ్ణి ప్రొజెక్టబుల్ బాడీ అంటారు, అంటే రేపు ఒళ్లు చేస్తాడు అని. ఎదిగే పిల్లాడండీ రెండు సైజులు పెద్దది ఇవ్వండి అని మా అమ్మ యూనిఫాం కొన్న శాస్త్రమే ఇది, నేను పదో తరగతి అయిపోయినా ఆ నిక్కరు నిండలేదు, అది వేరే సంగతి. బంతి బ్యాటుకి తగిలినప్పుడు వచ్చే సౌండు వేరేగా ఉండాలంటారు, పుచ్చకాయ మీద వేలితో కొట్టి చెవి పెట్టే రైతుబజారు పెద్దమనిషిలాగా. పాతకాలం స్కౌట్లు 'గుడ్ ఫేస్' అని కూడా రాసేవాళ్లు. అది చూశాక ఈ సైన్సు మీద నాకు గౌరవం పదింతలైంది, ఎందుకంటే మా పెద్దత్తయ్య 40 ఏళ్ల నుంచి పెళ్లిచూపుల్లో చేస్తోంది అదే పని, మొహంలో కళ ఉందమ్మా అని. ఇక మేకప్ బాగుంది అని రాస్తే పౌడరు అనుకోకండి, బుద్ధి మంచిదని అర్థం.

ఇంత పకడ్బందీ పద్ధతి కాబట్టే ఫలితాలు అలా ఉంటాయి. మైక్ పియాజాని 1988లో 62వ రౌండ్లో, 1390వ వాడిగా తీసుకున్నారు, అదీ వాళ్ల నాన్న స్నేహితుడు, డాడ్జర్స్ మేనేజరు టామీ లసోర్డా మొహం చూసి. 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి, అంటే బేస్‌బాల్ మహామహుల గోడకి, ఎక్కాడు. ఆల్బర్ట్ పుహోల్స్ 402వ వాడు, 703 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి). హోసే ఆల్టూవే అయిదడుగుల ఆరంగుళాలే ఉన్నాడని వెనిజులాలో ట్రైఅవుట్ నుంచి ఇంటికి పొమ్మన్నారు, వాడు సిగ్గులేకుండా మర్నాడు మళ్లీ వచ్చాడు, 15,000 డాలర్లకి సంతకం పెట్టించుకున్నారు, 2017లో ఎంవీపీ, అంటే ఆ ఏడాది ఉత్తమ ఆటగాడు. మరి అందరికంటే ముందు, ఫస్ట్ నంబరుగా తీసుకున్నవాళ్లు? 1991లో బ్రయన్ టేలర్, యాంకీస్ 15.5 లక్షల డాలర్లిచ్చారు, ఒక కొట్లాటలో భుజం పోయి మేజర్స్ గడపే తొక్కలేదు. 2013లో మార్క్ అపెల్, మధ్యలో ఆటే మానేసి, మళ్లీ వచ్చి, 30 ఏళ్ల వయసులో 2022లో మొదటి మ్యాచ్ ఆడాడు. ఆయన వెనకాల రెండో నంబరుగా పోయిన కుర్రాడి పేరు క్రిస్ బ్రయంట్. గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

ఇక్కడ మావాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. 2024 ఆగస్టులో కుమార్ రాకర్ మా ఊళ్లో బౌలింగ్ చేస్తున్నాడు (పిచింగ్ అనాలి, అలవాటు పోదు), అమ్మ వైపు తాత అమ్మమ్మ ఇండియా నుంచి వచ్చినవాళ్లు, పేరులో కుమార్ ఉంది, ఇంకేం కావాలి, మా సబ్‌డివిజన్ సగం దిగింది. ఈ కుర్రాడి కథ కూడా మావిడికాయ కథే. 2021లో న్యూయార్క్ మెట్స్ క్లబ్బు వాళ్లు పదో నంబరుగా తీసుకుని, మెడికల్ రిపోర్టు చూసి అబ్బే వద్దని వదిలేశారు. ఏడాది తిరిగేసరికి రేంజర్స్ అదే కాయని మూడో నంబరుగా తీసుకున్నారు. 2023లో మోచేతికి ఆపరేషన్ అయింది. అప్పుడు వద్దన్నవాళ్లు మేం చెప్పామా అన్నారు, 2024 సెప్టెంబరు 12న సియాటిల్లో మొదటి మ్యాచ్‌లో నాలుగు ఇన్నింగ్సుల్లో ఏడుగుర్ని స్ట్రైక్ అవుట్ (బంతి కొట్టనివ్వకుండానే అవుట్) చేసేసరికి కావాలన్నవాళ్లు మేం చెప్పామా అన్నారు. స్కౌటింగ్‌లో ఓడిపోయినవాడు ఉండడు.

రాకర్ మా ఊళ్లో ఆడిన ఆ రోజు నా పక్కన మా బావమరిది. కుడి పక్క అవుట్‌ఫీల్డ్ వెనకాల లేజీ రివర్ ఉంటుంది మా స్టేడియంలో, జనం ట్యూబుల్లో పడుకుని బీరు తాగుతూ తేలుతుంటారు, ఒకాయన టోపీ మొహం మీద వేసుకుని పూర్తిగా నిద్రపోయి గుండ్రంగా తిరుగుతున్నాడు, మూడో బేస్ దగ్గర 22 ఏళ్ల కుర్రాడు చెమట్లు కక్కుతూ వంగుని నించున్నాడు.

"బావా, వీడికి జీతం ఎంతుంటుంది?"

"డబుల్ ఏలో ఏడాదికి 30,250 కనీసం. అదీ 2023లో యూనియన్ ఒప్పందం అయ్యాక, అంతకుముందు 13,800."

"నెలకి అనుకున్నాను. మరి పైకెళ్తే?"

"ఏడు లక్షల 40 వేలు, కనీసం."

వాడు గింజలు నమలడం ఆపేశాడు. "ఆ పైది ఎంత దూరం?"

రేంజర్స్ ఆడే ఆర్లింగ్టన్ మా ఊరికి ఓ 40 మైళ్లు. కాకపోతే మామూలుగా దారి ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్ మీదుగా ఉంటుంది, అది ట్రిపుల్ ఏ. అదే చెప్పాను. "సచిన్ 16 ఏళ్లకే పాకిస్తాన్ మీద ఆడేశాడు కదా బావా, వీళ్లకేంటి ఇంత ఆలస్యం" అన్నాడు. ఒరేయ్, సచిన్‌కి సర్వీస్ టైమ్ లేదురా అన్నాను. అదేంటి అన్నాడు. అందుకని క్రిస్ బ్రయంట్ కథ చెప్పాల్సొచ్చింది.

బ్రయంట్ 2014లో మైనర్స్‌లో 43 హోమ్ రన్లు కొట్టాడు. 2015 స్ప్రింగ్ ట్రైనింగ్‌లో (సీజను ముందు ప్రాక్టీసు మ్యాచుల్లో) తొమ్మిది, మొత్తం లీగుల్లో వాడే ఫస్టు. బుర్ర తక్కువవాళ్లకి వీడు తయారైపోయినట్టు కనపడుతుంది. షికాగో కబ్స్ వాళ్లు తొందరపడలేదు, డిఫెన్స్ మీద ఇంకొంచెం పని చెయ్యాలి అని చెప్పి అయోవాలో ఉన్న వాళ్ల ట్రిపుల్ ఏ టీంకి పంపించారు. ఇప్పుడు ఒక చిన్న లెక్క, పై విషయానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఊరికే చెప్తున్నా. మేజర్ లీగ్ రోస్టర్లో (టీం జాబితాలో) 172 రోజులుంటే ఒక సంవత్సరం సర్వీసు. అలాంటివి ఆరు పూర్తయితే కుర్రాడు ఫ్రీ ఏజెంటు, ఎవరెక్కువిస్తే వాళ్ల దగ్గరకి పోవచ్చు, అప్పటిదాకా ఈ క్లబ్బు కిందే, అందులో మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే. 2015 సీజను ఏప్రిల్ 5న మొదలైంది. ఏప్రిల్ 17కల్లా అయోవాలో బ్రయంట్ డిఫెన్స్ పండింది, పైకి పిలిచారు. సీజను ఆఖరికి వాడి సర్వీసు చూస్తే 171 రోజులు.

నూట డెబ్భై ఒకటి. కాకి వాలడం, తాటిపండు పడటం. కాకపోతే ఈ కాకి క్యాలెండరు చేత్తో పట్టుకుని వాలింది. ఒక్క రోజు తేడాతో ఏడాది వెనక్కి పోవడం అంటే ఏంటో మా ఊళ్లో గ్రీన్ కార్డు క్యూలో ప్రయారిటీ డేటు ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, మా బావమరిది మొహం పాలిపోయింది.

న్యాయంగా చెప్పుకోవాలంటే అప్పుడు కబ్స్‌లో మూడో బేస్ వాడికి దెబ్బ తగిలింది, అందుకే పిలిచాం అన్నారు వాళ్లు. ఆ దెబ్బ కూడా ఎంత బుద్ధిమంతురాలో చూడండి, నాలుగు రోజులు ముందు తగలకుండా ఆగింది. మొదటి మ్యాచ్‌లో బ్రయంట్ నాలుగుసార్లు బ్యాటింగ్‌కి దిగితే మూడుసార్లు స్ట్రైక్ అవుట్, నేనైతే అదే రోజు ప్రెస్ మీట్ పెట్టి ఇంకా పచ్చిగానే ఉందని చెప్పామా అనేవాణ్ణి. ఆ ఏడాది వాడే రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు), తర్వాతేడు ఎంవీపీ, ఆ 2016లోనే కబ్స్ 108 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచారు. వాడు ఫిర్యాదు చేశాడు, తీర్పు 2020లో క్లబ్బు వైపే వచ్చింది. సరే, ఇంత తంటాలు పడి ఆ ఒక్క రోజుతో సంపాదించిన అదనపు ఏడాది 2021ని ఏం చేశారు? జులై నెలాఖర్లో బ్రయంట్‌ని శాన్ ఫ్రాన్సిస్కోకి ఇచ్చేశారు. పండు దాచి దాచి, సగం కొరికి పక్కింటికి పంపడం.

ఈ వృత్తిలో ఒకే ఒక్క నేరం ఉంది, బయటికి చెప్పడం. సియాటిల్ మారినర్స్ ప్రెసిడెంట్ కెవిన్ మ్యాదర్ 2021లో ఒక రోటరీ క్లబ్బు వాళ్లతో వీడియో కాల్లో కూర్చుని, కుర్రాళ్లని ఎందుకు ఆపుతున్నామో సర్వీస్ టైమ్ లెక్కలతో సహా విప్పి చెప్పేశాడు. ఆ వీడియో అందరూ చూశారు, ఆయన రాజీనామా చేశాడు. డిఫెన్స్ మీద పని చెయ్యాలి అనే నాలుగు ముక్కలు నాలిక చివర రెడీగా పెట్టుకోని మనిషి ప్రెసిడెంట్ పదవికి మగ్గలేదనే అంటాను నేను. అక్కడితో అయిపోలేదు, ఆయన ఆపిన జారెడ్ కెలెనిక్ ఆ మేలో పైకొచ్చి .181 సగటుతో కొట్టాడు, అంటే వందసార్లకి పద్ధెనిమిది హిట్లు. క్లబ్బు చెప్పిన అబద్ధం నిజమై కూర్చుంది. చెప్పాను కదా, ఓడిపోయేవాడు ఉండడు.

ఈ గొడవంతా చూసి 2022 ఒప్పందంలో ఒక రూలు పెట్టారు, రూకీ ఆఫ్ ది ఇయర్ ఓటింగ్‌లో మొదటి ఇద్దరికీ ఎప్పుడు పైకొచ్చినా ఏడాది మొత్తం సర్వీసు ఇచ్చెయ్యాలని, పైగా మంచి కుర్రాణ్ణి మొదటి నుంచీ ఆడించిన క్లబ్బుకి ఒక డ్రాఫ్ట్ పిక్ (డ్రాఫ్ట్‌లో ఇంకో కుర్రాణ్ణి ఎంచుకునే ఛాన్సు) బహుమానం రావచ్చని. 2024లో పిట్స్‌బర్గ్ వాళ్లు పాల్ స్కీన్స్‌ని మే 11 దాకా మెల్లిగా ఒక్కో ఇన్నింగ్సూ పెంచుతూ మగ్గబెట్టారు. ఆ కుర్రాడు వచ్చి రూకీ ఆఫ్ ది ఇయర్ కొట్టుకుపోయాడు. దాంతో ఏడాది సర్వీసు వాడికి వచ్చేసింది, ఆలస్యంగా పిలిచినందుకు డ్రాఫ్ట్ పిక్కు వీళ్లకి రాలేదు, రెండింటికి చెడ్డ రేవడి కథ.

మరి తొందరపడితే బాగుంటుందా అంటే అదీ లేదు. 2024లో బాల్టిమోర్ వాళ్లు జాక్సన్ హాలిడేని, అప్పటికి దేశంలోనే నంబర్ వన్ కుర్రాడు, ఇరవయ్యేళ్లకే ఏప్రిల్లో పైకి పిలిచారు, 34 సార్లకి రెండు హిట్లు, 18 స్ట్రైక్ అవుట్లు, రెండు వారాల్లో కిందకి పంపేశారు. కార్బైడ్ పెట్టారు కార్బైడ్ అని నేను అప్పుడే అన్నాను. జులై 31న తిరిగొచ్చి గ్రాండ్ స్లామ్ (ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు) కొట్టినప్పుడు మాత్రం నేను వేరే మ్యాచ్ చూస్తున్నాను.

ఇదంతా విన్న మా బావమరిదికి తన కొడుకు గుర్తొచ్చాడు. ఆరేళ్లు, టీ బాల్ ఆడతాడు, అంటే బంతిని స్టాండు మీద పెడితే కొట్టడం, టీ ఇవ్వరు. నన్నొచ్చి రిపోర్టు రాయమన్నాడు. శనివారం పొద్దున్న వెళ్లి, మడత కుర్చీ వేసుకుని, నిష్పక్షపాతంగా రాశాను. కొట్టడం 30, బంతి కంటే స్టాండుకి ఎక్కువ తగులుతోంది. విసరడం 20. పరుగు 60, ఐస్‌క్రీం బండి వైపు మాత్రమే. ఫీల్డింగు వెయ్యలేదు, వాడు ఆ టైముకి రెండో బేస్ మీద కూర్చుని గడ్డి పీకుతున్నాడు. మొహంలో కళ ఉంది. మేకప్: 'మావయ్యా నువ్వెందుకు తొక్కలు నీ షర్టు మీదే ఉమ్ముకుంటున్నావ్' అన్నాడు, నిజాయితీ ఉన్న కుర్రాడు.

వాళ్లావిడకి ఇవన్నీ పట్టవు. "అన్నయ్యగారూ, కోచ్ వచ్చే సీజన్ కోచ్ పిచ్‌కి, అదే కోచ్ బంతి విసిరేదానికి, మార్చమంటున్నాడు, వీడు రెడీయేనంటారా?" అని అడిగింది. ఆడే పిల్లలందరూ మారుతున్నారు కదమ్మా, మార్చెయ్యండి అన్నాను.

మా వాడు ఫోన్లో రిజిస్ట్రేషన్ పేజీ తెరిచాడు. ఫీజు చూశాడు. కిందకి జరిపి హెల్మెట్టు, బ్యాటు, రెండు జతల యూనిఫాం విడిగా కొనుక్కోవాలని ఉన్నది చూశాడు. ఫోను జేబులో పెట్టుకుని, గ్రౌండు మధ్యలో గడ్డి పీకుతున్న కొడుకు వైపు చాలాసేపు, చాలా ప్రేమగా చూశాడు.

"ఏమో బావా, వీడి డిఫెన్స్ ఇంకొంచెం..."